దెయ్యం సినిమాలో చివరికి ఎవరి మాట నెగ్గింది?

నాకు దెయ్యాల సినిమాలంటే ఇష్టం. ఈ మాట మన హేతువాదుల మధ్య చెబితే కొందరు వింతగా చూస్తారు. "దెయ్యాలు లేవని ఊరూరా తిరిగి చెప్పేవాడివి, డబ్బులిచ్చి దెయ్యాల సినిమాలు చూస్తావా?" అని ఒక మిత్రుడు అడిగాడు. చూస్తాను. ఘటోత్కచుడు లేడని తెలిసినంత మాత్రాన మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు చప్పబడిపోతాడా?

భయపడతావా అని కూడా అడిగాడు. ఉలిక్కిపడతాను. ఉలిక్కిపడడం వేరు, నమ్మడం వేరు. వెనక నుంచి ఎవరైనా చటుక్కున చప్పట్లు కొడితే నాస్తికుడైనా ఆస్తికుడైనా ఒకేలా ఎగిరిపడతాడు. హారర్ సినిమావాళ్ళు ఆడుకునేది ఆ శరీర ధర్మంతోనే. నమ్మకం లేకపోతే ఈసారి మంచి భయంకరమైన సీను వచ్చినప్పుడు రిమోట్ తీసుకుని శబ్దం ఆపేయండి. ఒక ఆవిడ చీకట్లో మెట్లు దిగుతూ కనిపిస్తుంది, అంతే. దెయ్యంలో ముప్పాతిక వంతు సౌండ్ ఇంజినీరు చేతిలోనే ఉంది. రాంగోపాల్ వర్మకి ఈ సంగతి బాగా తెలుసు. 1992లో వచ్చిన 'రాత్రి'లో దెయ్యం కనిపించేది తక్కువ, కెమెరా నేలబారుగా పరుగెత్తేది ఎక్కువ.

మేము ఉండేది భిలాయిలో, మరోదా సెక్టారులో. స్టీల్ ప్లాంటు కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ తరువాత రెండేళ్ళకి మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరాడు. నేనూ ఆ ప్లాంటులోనే పని చేసి రిటైరయ్యాను. దల్లీరాజహరా నుంచి ఇనుప ఖనిజం తెచ్చే రైళ్ళు మా మరోదా స్టేషన్ మీదుగానే వస్తాయి. నడిచి వెళితే మైత్రీ బాగ్, ఇంకోవైపు ప్లాంటుకి నీళ్ళిచ్చే మరోదా చెరువు. ఇనుము కరిగించడం తెలిసిన ఊరు కదా, ఇక్కడ మూఢనమ్మకాలు తక్కువ ఉంటాయనుకుంటారేమో. ప్లాంటు గేటు ముందు పార్కింగులో ఒక్కసారి చూడండి, ఎన్ని బళ్ళకి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయో!

చిన్నప్పుడు చంద్రా మౌర్యా టాకీసుకి వెళ్ళి హిందీ దెయ్యాల సినిమాలు చూసేవాళ్ళం. ఇప్పుడు ఓటీటీ వచ్చాక ఇంట్లోనే చూస్తున్నాను. రిటైరైన మనిషికి ఖాళీకి లోటు లేదు. ఈ మూడు నెలలలో పాతవీ కొత్తవీ కలిపి ఓ పదిహేను దాకా చూశాను. అన్నిటి గురించీ రాయను, రాసేటంత లేదు కూడా. 'తుంబాడ్' (2018) బాగుంది. అందులో దెయ్యం కంటే మనిషి పేరాశే భయపెడుతుంది. మమ్ముట్టి 'భ్రమయుగం' (2024) నలుపు తెలుపులో తీశారు, పాచికలాట ఆడించి మనిషిని బానిసగా ఉంచుకునే పెద్దకులం దొర కథ. దెయ్యం ముసుగు తీసేస్తే మిగిలేది మన పల్లెల చరిత్రే. 'మసూద' (2022) తీసిన పద్ధతి మెచ్చుకోవాలి. ఒంటరిగా కూతుర్ని పెంచుకునే టీచరమ్మ, పిరికివాడైన పక్కింటి కుర్రాడు, ఇద్దరూ మనకి తెలిసిన మనుషుల్లాగే ఉంటారు. కానీ పిల్లకి నయం కావడానికి బాబా దగ్గరికే వెళ్ళాలి. ఇది మన హారర్ సినిమాల పాత జబ్బు. 2003లో వర్మ తీసిన 'భూత్'లో విక్టర్ బెనర్జీ వేసిన మానసిక వైద్యుడు చేతులెత్తేస్తాడు, రేఖ వేసిన మంత్రగత్తె కేసు పరిష్కరిస్తుంది. నాస్తికుణ్ణని చెప్పుకునే దర్శకుడి సినిమా అది! హాలీవుడ్ వాళ్ళూ తక్కువ తినలేదు. 1973 నాటి 'ఎక్సార్సిస్ట్'లో దెయ్యాన్ని వదిలించే ఫాదరీలలో ఒకడు స్వయానా సైకియాట్రిస్టు.

డాక్టరు ఓడిపోయి మంత్రగాడు గెలిచే సినిమాల మీద మనవాళ్ళు చాలానే రాశారు. 'తులసిదళం' నవల ఇల్లిల్లూ తిరుగుతున్న రోజుల్లో రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఘాటుగా విమర్శించారు. ఆ విమర్శతో నాకు పేచీ లేదు. కానీ ఈ మధ్య నా కొలబద్ద కొంచెం మారింది. దెయ్యం ఉందని చూపించిన సినిమా అంతా ఒకే గాటన కట్టదగ్గది కాదనిపిస్తోంది. సినిమా అయిపోయాక నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఇందులో ఎవరో ఒక మనిషి వైపు వేలు చూపించి "ఇదంతా చేసింది ఇదే" అన్నారు కదా, ఆ అన్నవాళ్ళ మాట చివరికి నిజమని సినిమా తేల్చిందా, అబద్ధమని తేల్చిందా?

ఖాళీ బంగళాలో తిరిగే దెయ్యం వల్ల ఎవరికీ నష్టం లేదు. దెయ్యానికి ఓటరు కార్డు లేదు, గుడిసె లేదు, వేరేచోటికి తరిమేసేందుకు పిల్లాపాపా లేరు. మంత్రగత్తె అలా కాదు. ఆమె పక్క వీధిలో ఉంటుంది.

ఈ ప్రశ్న నాకు తట్టడానికి కారణం 'విరూపాక్ష'. 2023 ఏప్రిల్‌లో వచ్చింది, నేను ఆలస్యంగా చూశాను. (చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి, ఆఖరు మలుపు చెప్పేస్తున్నాను.) రుద్రవనం అనే ఊళ్ళో 1979లో పిల్లలు చనిపోతుంటే, క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటని ఊరివాళ్ళు సజీవంగా తగలబెడతారు. పుష్కర కాలం తరువాత ఊరు వల్లకాడు అవుతుందని ఆమె శపిస్తుంది. 1991లో మళ్ళీ చావులు మొదలవుతాయి. ఊరిని అష్టదిగ్బంధనం చేస్తారు. కథనం గట్టిగా ఉంది, అజనీష్ లోక్‌నాథ్ సంగీతం గుండె దడ పుట్టిస్తుంది. మొదటి సీనులో ఆ గుంపు క్రూరత్వాన్ని దర్శకుడు దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చివరికి ఏం తేలింది? చావులన్నీ నిజంగా మంత్రాల వల్లే. చేసినది తగలబెట్టబడిన ఆ దంపతుల కూతురు. అంటే తగలబెట్టడం తప్పే గాని అనుమానం మాత్రం తప్పు కాదన్నమాట!

సినిమా హిందీ ఆడియోతో పెట్టుకుని చూస్తున్నాను. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే అమ్మాయి, ఉతయి వైపు పల్లె నుంచి వస్తుంది, పని అయిపోయినా కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి ఆఖరు అరగంట చూసింది. అయిపోయాక అడిగింది.

"అంకల్, అంటే చేసింది ఆ ఇంటివాళ్ళేనా?"

"సినిమా అమ్మా, ఉత్త కథ" అన్నాను.

"ఎక్కడా జరక్కపోతే కథ ఎందుకు రాస్తారు?"

నేను నవ్వేసి ఊరుకోబోయాను. అప్పుడు మెల్లగా చెప్పింది. వాళ్ళాయన మేనత్త ఒకావిడ ఉంది. మొగుడు పోయి, చిన్న మడిచెక్క మీద ఒంటరిగా బతికేది. పక్కింటి పిల్లవాడు జ్వరంతో పోయాడు. బైగాని పిలిచారు. అతను బియ్యపు గింజలు చూసి ఫలానా దిక్కున ఉన్న ఇల్లు అన్నాడు. ఆ దిక్కున ఉన్నది ఆవిడ ఇల్లే. ఎవరూ కొట్టలేదు. చేతిపంపు దగ్గరికి వస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలు తీసుకుని వెళ్ళిపోయేవారు, అంతే. ఆరు నెలలకి ఆవిడ దుర్గ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మడిచెక్కని మరిది దున్నుకుంటున్నాడు.

"మేము ఆవిడ టోనహీ కాదనే అనుకున్నాం అంకల్. కానీ ఇలాంటివి చూస్తే మళ్ళీ ఏమో అనిపిస్తుంది" అంది.

నాకు సమాధానం తోచలేదు. ముప్పై ఏళ్ళుగా దెయ్యాలు లేవని ఉపన్యాసాలు ఇస్తున్న నాకు!

ఇక్కడ టోనహీ అంటారు. తెలంగాణలో చేతబడి, బాణామతి అంటారు. మా శ్రీకాకుళం వైపు మాట చిల్లంగి. ఆ మాట నేను ఏడేళ్ళ వయసులో నేర్చుకున్నాను. వేసవి సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు వీధి చివర ఒక ముసలావిడ ఉండేది. చిల్లంగిది, చూపు తగిలితే కడుపునొప్పి వస్తుందని పిల్లలు చెప్పారు. ఆ ఇంటి ముందు నుంచి ఊపిరి బిగబట్టి పరుగెత్తడం మాకు ఆట. ఒకరోజు పందెం వేసుకుని నేను ఆవిడ వాకిట్లోకి రాయి విసిరాను. ఆవిడ బయటికొచ్చి తిట్టలేదు. రాయి తీసి గోడ పక్కన పెట్టుకుంది. అక్కడ అప్పటికే రాళ్ళ కుప్ప ఉంది. ఆ కుప్ప ఎందుకు ఉందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇది నేను ఎక్కడా ఉపన్యాసంలో చెప్పలేదు. హేతువాదిగా పుట్టినట్టే మాట్లాడుతూ వచ్చాను.

సినిమా చూసి ఎవరూ హత్యలు చేయరు, ఆ సంగతి నాకు తెలుసు. సినిమాలు లేని కాలంలోనూ ఇవి జరిగాయి. జ్వరానికి మందు దొరకనిచోట, వితంతువు పేర భూమి ఉన్నచోట, పశువు చచ్చినా పిల్ల చచ్చినా కారణం చెప్పేవాడు బైగా తప్ప ఎవరూ లేనిచోట ఇవి పుడతాయి. కానీ ఇది పాత కాలం గోల అనుకునేవాళ్ళ కోసం రెండు మూడు సంగతులు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనీ చంపేశారు. మా ఛత్తీస్‌గఢ్‌లో 2024 సెప్టెంబరులో ఒకే వారంలో రెండు ఘటనలు. బలౌదాబజార్ జిల్లా ఛర్‌ఛేద్‌లో ఒక కుటుంబంలో నలుగురు, వాళ్ళలో ఒకటి చంటిబిడ్డ. సుక్మా జిల్లా ఎత్కల్‌లో అయిదుగురు. చంటిబిడ్డ ఏ మంత్రం చదివింది?

చట్టం లేక కాదు. ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ ప్రతాడనా నివారణ్ అధినియమ్ 2005లోనే వచ్చింది. ఆ చట్టం ప్రకారం కొట్టడం దాకా వెళ్ళనక్కరలేదు, ఫలానా మనిషి టోనహీ అని వేలు చూపించడమే నేరం, మూడేళ్ళ దాకా శిక్ష. వేధిస్తే అయిదేళ్ళ దాకా. నాకు ఈ చట్టంలో నచ్చినది అదే, అది దెయ్యం ఉందా లేదా అని చర్చ పెట్టుకోలేదు. వేలు చూపించినవాణ్ణి పట్టుకుంది. తెలుగు రాష్ట్రాలలో ఇంతవరకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. మహారాష్ట్రలో 2013లో నరేంద్ర దాభోల్కర్‌ని కాల్చి చంపాక గాని చట్టం రాలేదు.

రాయపూర్‌లో కంటి డాక్టరు దినేశ్ మిశ్రా గారు ఏళ్ళ తరబడి ఈ పని మీదే తిరుగుతున్నారు. ఇక్కడ శ్రావణ అమావాస్యకి హరేలీ పండగ. నాగళ్ళు కడిగి పూజ చేస్తారు, గుమ్మాలకి వేపకొమ్మలు గుచ్చుతారు. పంటల పండగ, మంచి పండగ. కానీ ఆ రాత్రి టోనహీలు తిరుగుతాయని నమ్మకం. ఆ డాక్టరు గారూ ఆయన మిత్రులూ ఆ రాత్రే పల్లెల్లో తిరుగుతారు, ఏమీ లేదని చూపించడానికి. ఇదీ నిజమైన హారర్ సినిమా. హీరో రాత్రంతా తిరుగుతాడు, దెయ్యం రాదు, తెల్లవారుతుంది. ఇలా తీస్తే ఎవడు చూస్తాడు అంటారా? నేనైతే చూస్తాను.

'ది కంజూరింగ్' (2013) మళ్ళీ చూశాను. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 1971లో ఒక కుటుంబానికి జరిగిన నిజ కథ అని మొదట్లోనే బోర్డు వేస్తారు. ఎన్నోసార్లు చూసిన సినిమా, ఈ కొత్త ప్రశ్నతో చూస్తే ఒళ్ళు మండింది. అందులో దెయ్యం పేరు బత్షేబా షెర్మన్. ఆ పేరుగల మనిషి నిజంగానే ఉంది. ఆ ప్రాంతంలో రైతు కుటుంబంలో బతికి 1885లో చనిపోయింది. సినిమా ఆమెని బిడ్డని సైతానుకి బలి ఇచ్చిన మంత్రగత్తెని చేసింది. దానికి ఆధారమేమిటో చూపలేదు. పైగా ఆమెకి మేరీ ఈస్టీతో బంధుత్వం అంటగట్టారు, వంశమే అలాంటిది అన్నట్టు. ఎవరీ మేరీ ఈస్టీ? సేలంలో 1692లో మంత్రగత్తె అని ఉరితీసిన నిరపరాధి. 1711లో ఆ ప్రభుత్వమే శిక్ష రద్దు చేసింది. మూడు వందల ఏళ్ళ తరువాత హాలీవుడ్ మళ్ళీ వేలు చూపించింది. బత్షేబా సమాధి రాయిని ఆకతాయిలు పగలగొట్టారు. నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆ రాళ్ళ కుప్ప గుర్తొచ్చింది.

నా కొలబద్ద అన్నిచోట్లా సరిపోతుందని చెప్పను. రాబర్ట్ ఎగ్గర్స్ తీసిన 'ది విచ్' (2015) నాకు చాలా ఇష్టం. పదిహేడో శతాబ్దంలో అడవి అంచున ఒక భక్తిగల కుటుంబం, పంట పాడై, చంటిబిడ్డ మాయమై, చివరికి పెద్ద కూతురి మీదే అనుమానపడుతుంది. అనుమానం ఇంట్లో ఎలా కుళ్ళుతుందో ఇంత బాగా చూపించిన సినిమా నేను చూడలేదు. కానీ అందులో అడవిలో మంత్రగత్తె నిజంగానే ఉంది. నా ప్రశ్న ప్రకారం మార్కులు సగమే రావాలి. ఇష్టం మాత్రం పూర్తిగా ఉంది. ఏం చేయను? 'స్త్రీ' (2018) చూసినప్పుడు కూడా ఇదే తకరారు. 'ఓ స్త్రీ రేపు రా' అని మనవాళ్ళూ ఒకప్పుడు గోడల మీద రాసుకున్న పుకారే అందులో ఉన్నది. దెయ్యం ఉంది గాని ఊరు ఆమెకి చేసిన అన్యాయమూ ఉంది. నవ్విస్తూ తిట్టారు, సరే అనుకున్నాను.

నూటికి నూరు మార్కులు వేయదగ్గది పాత సినిమాయే. మలయాళంలో 1993లో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు'. మనవాళ్ళకి 2005లో 'చంద్రముఖి'గా, హిందీవాళ్ళకి 2007లో 'భూల్ భులయ్యా'గా తెలుసు. దాంట్లో మానసిక వైద్యుడు గెలుస్తాడని మనం మెచ్చుకుంటాం. (గెలవడానికి తాంత్రికుడితో నాటకం ఆడిస్తాడు గాని, పోనీయండి.) నేను ఇన్నాళ్ళూ పట్టించుకోనిది ఇంకోటి ఉంది. ఇంట్లో వస్తువు పగిలినా చీర కాలినా అందరూ వేలు చూపించేది అమాయకురాలైన ఒక పిల్ల వైపు. తమిళంలో దుర్గ, హిందీలో రాధ. సినిమా ఆ వేలు తప్పని తేలుస్తుంది. జబ్బుపడిన మనిషికి కూడా శిక్ష వేయదు, వైద్యం చేయిస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళూ ప్రాణాలతో బయటపడతారు. పదిహేనేళ్ళ తరువాత 2022లో 'భూల్ భులయ్యా 2' తీశారు. అందులో మంజులిక నిజం దెయ్యం, చేతబడి నిజం చేతబడి. సెల్‌ఫోన్లు మారాయి గాని బుర్రలు వెనక్కి నడిచాయి. వసూళ్ళకి మాత్రం ఏ లోటూ రాలేదు.

మొన్న పనమ్మాయి 2005 చట్టం హిందీ ప్రతి అడిగి తీసుకుంది. ప్రింటు తీసి ఇచ్చాను. మడిచెక్క తిరిగి వస్తుందా అని అడిగింది. ఈ చట్టం వేలు చూపించినవాడికి శిక్ష వేస్తుంది, భూమికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి అని చెప్పాను. మేనత్తని ఒకసారి తీసుకురమ్మన్నాను. ఆవిడకి ఆ ఊరి మొహం చూడాలని లేదట, భిలాయి దాకా అయితే వస్తుందట.

"ఆవిడ వచ్చినరోజు టీవీలో ఏదైనా పెట్టండి అంకల్, మంచి సినిమా. దెయ్యం ఉన్నదే పెట్టండి, ఆవిడకి ఇష్టం" అంది.

"భూల్ భులయ్యా పెడతాను."

"అది చూశాం కదా. అందులో దెయ్యం నిజంగానే ఉంది."

"మీరు చూసింది రెండోది. నేను పెట్టేది మొదటిది" అన్నాను.